గ్యాలరీ నుంచి దెబ్బ కనిపిస్తుందా?

టికెట్టు కొనుక్కుంటే సరిపోయేదానికి ముద్దాడ జోగారావు ఫైలు తెరిచాడు. ఆ తర్వాత జరిగిందంతా ఆ ఫైలు పుణ్యమే.

జోగారావు విశాఖపట్నంలో తూర్పు తీర గిడ్డంగుల సంస్థలో సంక్షేమ విభాగం సూపరింటెండెంటు. ఏడాదికోసారి ఉద్యోగులకు పిక్నిక్కు, రిటైరయ్యేవాళ్లకు శాలువా, మిగతా రోజుల్లో ఆ పిక్నిక్కు మీదా ఆ శాలువా మీదా ఆడిటువాళ్లు లేవదీసిన అభ్యంతరాలకు జవాబులు. ఇదీ ఆయన ఉద్యోగం. మనిషి మంచివాడే. కాకపోతే సొంత జేబులోంచి రూపాయి తియ్యాల్సొస్తే, ఆ రూపాయికి చెమట పట్టేదాకా గుప్పిట విప్పడు.

ఆయనకు ఒక్కతే కూతురు, పైడేశ్వరి. బాక్సరు. రాష్ట్ర మహిళల బాక్సింగ్ పోటీల్లో సెమీ ఫైనలు కాకినాడలో గెలిచింది. ఫైనల్సు మరుసటి నెలలో, సొంత ఊరు విశాఖలోనే, ఇండోర్ స్టేడియంలో. జోగారావు ఇంతవరకు కూతురు పోటీ ఒక్కటి కూడా చూడలేదు. ఒకసారి ఇన్‌స్పెక్షను అడ్డొచ్చింది, ఒకసారి బడ్జెట్టు, ఒకసారి శాలువాల కొనుగోలు మీద విచారణ.

"నాన్నా, ఈసారైనా వస్తావా?" అంది పైడి, అన్నం తింటూ.

"వస్తానమ్మా. నీ మీద ఒట్టు."

"నా మీదొద్దు. నీ పీఎఫ్ మీద ఒట్టెయ్యి. అప్పుడు నమ్ముతాను."

జోగారావు ముద్ద మింగి, పీఎఫ్ మీద ఒట్టేశాడు. అంతటివాడు అంత మాటన్నాక ఇక తిరుగులేదని తల్లీకూతుళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

పోటీదారుకి ఇచ్చే ఒకే ఒక పాసు అప్పటికే వాళ్లమ్మ వరహాలు కొంగున చేరింది. "మీకు గ్యాలరీలో చవక టికెట్లు దొరుకుతాయంట. రేపు పొద్దున్నే ఎళ్లి ఓటి కొనీసుకోండి" అంది వరహాలు.

"ఒకటెందుకే? వంద కొనిపిస్తాను. సంస్థ చేత. నేనూ వాళ్లతో కలిసి వస్తాను, దారిలో టీ కూడా ఉంటుంది."

"ఆఫీసు చేత మనింటి ముందు గొయ్యి పూడ్పించలేకపోనారు. వంద టికెట్లు కొనిపిస్తారా?"

జోగారావు నవ్వాడు. ఆడవాళ్లకు ఫైలు బలం తెలియదనుకున్నాడు.

మర్నాడు ఆయన రాసిన ప్రతిపాదన నాలుగే నాలుగు వాక్యాలు. సంస్థ ఉద్యోగి కుమార్తె ఫైనలుకు వచ్చినది. ఉద్యోగుల మనోబలం పెంచుటకు గ్యాలరీలో వంద చవక సీట్లు కొనవచ్చును. నిర్వాహకులు డి బ్లాకును మన కొరకు అట్టిపెట్టుటకు అంగీకరించినారు. అచ్చటి నుండి కూడా పోటీ తగినంత బాగా కనిపించును.

అంగీకరించకేం చేస్తారు? వాళ్లు రింగు చెక్కలు ఏడాదంతా దాచుకునేది ఈ సంస్థ గిడ్డంగిలోనే.

నాలుగో వాక్యంలో 'తగినంత' అనే మాట అవసరం లేదు. అందం కోసం వేశాడు.

సాయంత్రానికి జనరల్ మేనేజరు పరాంకుశం గారి గదినుంచి పిలుపు వచ్చింది. ఆయన ముందు ఫైలు ఉంది. 'తగినంత' చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీత ఉంది. పక్కన ఆర్థిక సలహాదారు సీతాపతి గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. సీతాపతి గారు కళ్లజోడు తుడిస్తే ఎక్కడో ఒక ఖర్చు ఆగిపోతుందని ఆఫీసులో నానుడి.

"జోగారావు గారూ, తగినంత అంటే ఎంత?" అన్నారు పరాంకుశం గారు.

"కనిపిస్తుంది సార్."

"ఏది? రింగు కనిపిస్తుందా? అందులోని వ్యక్తులు కనిపిస్తారా? లేక దెబ్బ కనిపిస్తుందా? ప్రజాధనంతో సీటు కొన్నప్పుడు, ఆ ధనానికి తగిన దెబ్బ కనిపించవలసిన బాధ్యత మన మీద ఉన్నది."

ఇక్కడ జోగారావు 'అలాగైతే వద్దులెండి సార్' అని ఉంటే కథ అయిపోయేది. బయటికెళ్లి ఒక టికెట్టు కొనుక్కునేవాడు. కానీ జీఎం గారు తనను అభిప్రాయం అడగడం ఇరవై ఏళ్ల సర్వీసులో అదే మొదలు. ఆ తబ్బిబ్బులో నోరు జారింది.

"నిజమే సార్. దెబ్బ కనిపించడం వేరు. ఎవరు ఎవరిని కొట్టారో కనిపించడం వేరు."

పరాంకుశం గారు కుర్చీలో ముందుకు వంగారు. "ఇది పాయింటు! సీతాపతి గారూ, విన్నారా? ఇంత లోతైన విషయాన్ని ఒక్క సంతకంతో తేల్చటం భావ్యం కాదు. సంఘం వేస్తున్నాను. చవక ఆసనాల వీక్షణార్హతా నిర్ధారణ సంఘం. నేను అధ్యక్షుణ్ణి, మీరు సభ్యులు, జోగారావు గారు కన్వీనరు."

జోగారావు ఛాతీ ఒక అంగుళం పెరిగింది. కన్వీనరు!

సీతాపతి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "అయితే ఒక మాట. నిర్ణయం వచ్చేవరకు కన్వీనరు గారు ఆ చవక సీటును సొంతానికి కొనకూడదు. కొంటే, ఫలితం ముందే తెలిసి కొన్నారని రేపు ఆడిటు అడుగుతుంది."

"పోనీ సార్, నేను ఖరీదు సీటు కొనుక్కుంటాను" అన్నాడు జోగారావు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆయన గుప్పిటకే తెలుసు.

"అసలే కూడదు. చవక సీటు పనికిరాదని కన్వీనరే తీర్మానించినట్టు అవుతుంది."

ఛాతీ మళ్లీ మామూలు కొలతకు దిగింది.

* * *

మొదటి సమావేశం స్టేడియంలోనే పెట్టారు. సంఘం ముగ్గురూ డి బ్లాకు ఆఖరి వరసకు ఎక్కారు. పరాంకుశం గారు మూడుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. ఎక్కడం కష్టమైన సీటును చవక అనడం న్యాయమేనా అన్నది కూడా రాసుకోమన్నారు.

కింద రింగు ఇంకా బిగించలేదు. దాని స్థానంలో సంస్థ సెక్యూరిటీ వాళ్లిద్దరిని నిలబెట్టారు. ఒకడు హవల్దారు ఎర్రయ్య. రెండోవాడు గార్డు దాలినాయుడు. దాలినాయుడు ఎర్రయ్యను కొట్టాలి. ఆ దెబ్బ పైనుంచి కనిపిస్తుందో లేదో సంఘం చూడాలి.

"ఊఁ, కానివ్వండి!" అని పైనుంచి జీఎం గారు అరిచారు.

దాలినాయుడు కదల్లేదు. చేతులు కట్టుకుని పైకి చూశాడు. "సార్, ఈయన నాకు సీనియరండి. సీనియార్టీలో నాకన్నా పైనున్నోడిని ఎలాగ కొట్టనండి? రేపు ప్రమోషను ఆగిపోద్ది."

పరాంకుశం గారికి ఆ వాదన సబబుగా తోచింది. లేచి నిలబడి ప్రకటించారు. "ఇది విధి నిర్వహణలో భాగంగా, ద్వేషభావం లేకుండా, ఉన్నతాధికారి సమక్షంలో కొట్టు దెబ్బ. దీనిని సర్వీసు రికార్డులో చేర్చబోము!"

దాలినాయుడు హవల్దారుకి నమస్కారం పెట్టి, భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"ఇది దెబ్బా, కౌగిలింతా?" అన్నారు పరాంకుశం గారు.

"నాకు పరామర్శలా ఉంది" అన్నారు సీతాపతి గారు.

ఓటింగు పెట్టారు. కౌగిలింతకు ఒకటి, పరామర్శకు ఒకటి. కన్వీనరుకు ఓటు లేదు.

"ఒరే దాలిగా, సరిగ్గా కొట్టరా బాబూ, మద్దేనం బువ్వకి ఎళ్లాల!" అని కింద ఎర్రయ్య విసుక్కున్నాడు. "రాత్రి డ్యూటీలన్నీ నీకే ఏశానని ఊరంతా చెప్పుకు తిరిగావు గదా. ఆ కోపమేటయింది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాలినాయుడికి రాత్రి డ్యూటీలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

పైన సంఘానికి టప్ మన్న చప్పుడు మాత్రం వినిపించింది. పరాంకుశం గారు కళ్లు చిట్లించారు. "ఇప్పుడు ఒకడే కనిపిస్తున్నాడు. రెండోవాడేడీ?"

"పడిపోయాడు సార్" అన్నాడు జోగారావు.

"అది మీ ఊహ. మనకు కనిపించినంతవరకే రాయండి. రెండవ వ్యక్తి దృష్టిపథం నుండి అదృశ్యమైనాడు. ఇది సీటు లోపమో, వ్యక్తి లోపమో తదుపరి సమావేశంలో పరిశీలించవలెను."

జోగారావు రాశాడు. చక్కటి దస్తూరీ.

* * *

ఇంటికి వెళ్లేసరికి వరహాలు గుమ్మంలోనే ఉంది.

"టికెట్టు ఏదండి?"

"వస్తోంది. ఫైలు కదిలింది."

"గ్యాలరీ టికెట్లన్నీ అయిపోనాయంట. పక్కింటోళ్లు కూడా కొనీసుకున్నారు. మన పిల్లని చూడ్డానికి ఊరంతా ఎళ్తంది, కన్నతండ్రికి బదులు ఫైలు ఎళ్తంది."

"మా డి బ్లాకు అలాగే ఉందే. ఎవరికీ అమ్మలేదు."

లోపల పైడి గోడకు కట్టిన ఇసక సంచిని గుద్దుతోంది. ఆ చప్పుడు వింటుంటే జోగారావుకి పీఎఫ్ మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది. ఈసారి మాట తప్పితే పిల్ల ఇంకోసారి అడగదు. అది మాత్రం ఆయనకు ఖాయంగా తెలుసు. మూడుసార్లు అడిగిన పిల్ల నాలుగోసారి అడగడమే గొప్ప.

అందుకే రెండో సమావేశానికి గట్టి నిర్ణయంతో వెళ్లాడు. నోరు మెదపకూడదు, ఎంత మెచ్చుకున్నా సరే.

సీతాపతి గారు మొదలుపెట్టారు. "ఫైనల్సు టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఉంది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటే చెమట చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. మరి చవక సీటులో మనం దేనికి డబ్బిస్తున్నాం?"

"సమక్షానికి" అన్నారు పరాంకుశం గారు గంభీరంగా.

"సమక్షం అంటే ఏమేం వస్తువులు?"

పరాంకుశం గారు జోగారావు వైపు ఆశగా చూశారు. ఆ చూపుకు ఏ రాయైనా కరుగుతుంది. జోగారావు రాయి కూడా కాదు.

"అరుపులు సార్. ఉక్కపోత. వెనకవాడి మోకాలు మన వీపుకి తగలడం. ముందువాడి తల అడ్డం రావడం. మనుషులు చీమల్లా కనిపించడం."

"అద్భుతం! సమక్షానికి ఇంతకన్నా సమగ్రమైన నిర్వచనం నేను వినలేదు" అన్నారు పరాంకుశం గారు.

సీతాపతి గారు కళ్లజోడు తీశారు. మెల్లగా తుడిచారు.

"ఈ వస్తువులన్నీ మన ఏడో నంబరు గిడ్డంగిలో ఉచితంగా ఉన్నాయి" అన్నారు సీతాపతి గారు.

టికెట్లు కొనకుండా, ఉద్యోగులకు పోటీని అక్కడే టీవీలో చూపించాలని తేల్చారు. ఆ సాయంత్రమే పని మొదలైంది. ఏడో గిడ్డంగిలో బియ్యం బస్తాలను మెట్లు మెట్లుగా గ్యాలరీ ఎత్తుకు పేర్చారు. అటు చివర బల్ల వేసి టీవీ పెట్టాలి. కాన్ఫరెన్సు హాలులో ఉన్న పెద్ద టీవీ తెస్తామంటే సీతాపతి గారు ఒప్పుకోలేదు. పెద్ద టీవీ పెడితే అది ఖరీదు సీటుతో సమానమవుతుంది, ప్రతిపాదన చవక సీటుకే వచ్చింది అన్నారు. గ్యాలరీ నుంచి బాక్సరు ఎంత కనిపిస్తుందో, బస్తాల మీద నుంచి కూడా అంతే కనిపించాలి. ఒక్క గింజ ఎక్కువ కనిపించినా అది దుబారా.

ఆ లెక్క కట్టింది కూడా జోగారావే. లెక్కకు సరిపడే టీవీ ఊరంతా వెతికితే సెక్యూరిటీ గదిలో దొరికింది. దాంట్లో దాలినాయుడు రాత్రి డ్యూటీలో సీరియళ్లు చూస్తుంటాడు.

అడ్డం రావడానికి పొడుగాటి వాళ్లను మొదటి వరసలకు వేశారు.

* * *

ఆదివారం సాయంత్రం. పైడి మధ్యాహ్నమే బరువు చూపించుకోవడానికి వెళ్లిపోయింది. వెళ్తూ, "నువ్వు గ్యాలరీలో ఎక్కడుంటావు నాన్నా?" అంది. "డి బ్లాకమ్మా" అన్నాడు జోగారావు. అబద్ధం చెప్పానా అని తర్వాత ఆలోచిస్తే, ఏ మాటకామాటే, ఆ బ్లాకు సంస్థదే.

ఏడో గిడ్డంగిలో వందమంది ఉద్యోగులూ హమాలీలూ బస్తాలెక్కి కూర్చున్నారు. తలుపులు మూశారు, ఉక్కపోత సరిపోవాలని. పక్క గిడ్డంగిలో ఎండుమిరప ఉంది. నిమిషానికొకరు తుమ్ముతున్నారు. పరాంకుశం గారు కింద నిలబడి ఏర్పాట్లు చూస్తున్నారు.

"అరుపులు తగ్గుతున్నాయి! సమక్షం పడిపోతోంది! నాలుగో వరసవారు మోకాళ్లు ముందుకు చాపండి!"

హమాలీల మేస్త్రీ గౌరినాయుడు జోగారావు పక్కనే కూర్చున్నాడు. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని టీవీ వైపు చూశాడు. "బాబూ, అది బాక్సింగా? ఈగలు తగువాడుకుంటన్నాయా?"

"బాక్సింగే గౌరినాయుడూ."

"మీరు సదువుకున్నోరు, మీకు తెలుస్తాది. నాకైతే తెల్లటి గుడ్డ మీద రెండు నల్లులు తిరుగుతన్నట్టుంది."

అప్పుడు టీవీలో ఫైనలిస్టులను జతలు జతలుగా రింగులోకి పిలిచి పరిచయం చేయడం మొదలుపెట్టారు. విశాఖ ఆడపడుచు ముద్దాడ పైడేశ్వరి, ఆఖరి పోటీ! బస్తాల మీద వందమందీ ఈలలు వేశారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే వేశారు. జోగారావు లేచి నిలబడ్డాడు.

"మీ యమ్మాయి ఎర్ర బట్టలదా, నీలం బట్టలదా బాబూ?" అన్నాడు గౌరినాయుడు.

జోగారావు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ముందు వరసలో పొడుగాటి అకౌంటెంటు తల పక్కకు తోసి చూశాడు. ఎర్ర చుక్క. నీలం చుక్క. రెండూ చేతులూపుతున్నాయి.

ఆయనకు తెలియలేదు.

కన్న కూతురు ఎదురుగా నిలబడి చెయ్యూపుతుంటే ఏ చుక్క తనదో తేల్చుకోలేకపోయాడు. ఆ టీవీ ఎంత చిన్నదై ఉండాలో లెక్క కట్టింది తనే. ఆ తలను అక్కడ అడ్డం పెట్టించింది కూడా తనే.

జోగారావు బస్తాల మీంచి జారుతూ కిందికి దిగాడు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఎటో పోయింది.

"కన్వీనరు గారూ, ఎక్కడికి? కోరం పోతుంది!" అని పరాంకుశం గారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

ప్రాణం మీదికొస్తే మనిషికి తన మాతృభాష వస్తుందంటారు. జోగారావుకి ఆఫీసు భాష వచ్చింది.

"సార్, సీటు నుంచి పోటీ ఎలా కనిపిస్తుందో చూశాం. అక్కడ మనం కొనని సీట్లు ఖాళీగా ఉంటే ఎలా కనిపిస్తాయో చూడలేదు. అది లేకుండా నివేదిక అసంపూర్ణం."

పరాంకుశం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు కావచ్చు. "ఇన్నాళ్లూ మీరు ఎక్కడున్నారు జోగారావు గారూ? వెళ్లండి, వెంటనే వెళ్లండి!"

ఆటోవాడు ఎంత అడిగాడో జోగారావుకి వినపడలేదు. జేబులో ఉన్నది తీసి చేతిలో పెట్టి పరుగెత్తాడు. స్టేడియం గేటు దగ్గర బిళ్ల తగిలించుకున్న కార్యకర్త అడ్డుకున్నాడు.

"టికెట్టు?"

"లేదు. డి బ్లాకు..."

"డి బ్లాకు గిడ్డంగులోళ్లది. ఈగని కూడా రానీయొద్దన్నారు. నువ్వెవరివి?"

గుండీ ఊడిన చొక్కా, నెత్తి నిండా బియ్యప్పిండి. తండ్రినంటే ఎవడూ నమ్మడు. జోగారావు నిటారుగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ సీట్లు తనిఖీ చెయ్యడానికి వచ్చాను."

కార్యకర్త గబుక్కున తప్పుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కద్సార్! రండి, ఇలా రండి. కూల్ డ్రింకు పంపమంటారా?"

లోపల హాలు కిటకిటలాడుతోంది. మెట్ల మీద, నడవల్లో కూడా జనం. వాళ్ల మధ్య పళ్ల వరసలో ఊడిన పన్ను చోటులాగా డి బ్లాకు. వంద కుర్చీలు, ఒక్క మనిషి లేడు. జోగారావు వెళ్లి సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు.

ఆఖరి పోటీ గంట మోగింది.

నీలం బట్టలు! చూడగానే తెలిసిపోయింది. మొహం కనపడలేదు. ఎడమ భుజం పైకెత్తి, గొడవకు పోతున్నట్టు నడిచే నడక కనపడింది. అది వాళ్లమ్మ నడక. ఎదురుగా కర్నూలు పిల్ల, ఒక జానెడు పొడుగు. పైడి దాని చేతుల కిందినుంచి దూరి ఎడమతో రెండు, కుడితో ఒకటి ఇచ్చి బయటికొచ్చింది. ఇంతవరకు ఇసక సంచి చప్పుడు మాత్రమే విన్న జోగారావు నోరు తెరుచుకుని చూశాడు. మొదటి రౌండు పైడిదే. రెండో రౌండు కూడా ఆమె చేతిలోకే వస్తోంది.

ఇక ఆగలేకపోయాడు. కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"పైడీ! నేనొచ్చానే! డి బ్లాకు!"

ఖాళీ కుర్చీల్లోంచి ఆ కేక రెట్టింపై మోగింది. పైడి తల తిప్పింది. పైకి చూసింది. వంద ఖాళీ కుర్చీలు, మధ్యలో నాన్న. ఆమె నోరు ఆశ్చర్యంతో తెరుచుకుంది. చేతులు కిందికి దిగాయి.

కర్నూలు పిల్ల కుడిచెయ్యి అదే క్షణంలో వచ్చి దవడకు తగిలింది.

గ్యాలరీ నుంచి దెబ్బ స్పష్టంగా కనిపించింది. అది కౌగిలింత కాదు. పరామర్శ అసలే కాదు.

పైడి మోకాలి మీద కూలింది. రిఫరీ వేళ్లు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. రింగు పక్కనున్న వరహాలు లేచి డి బ్లాకు వైపు చూసిన చూపు కూడా అంత దూరం నుంచి స్పష్టంగానే కనిపించింది. జోగారావు దాక్కోవాలనుకున్నాడు. వంద ఖాళీ కుర్చీల మధ్య మనిషి ఎక్కడ దాక్కుంటాడు? రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు.

హోరు విని వేళ్ల సందుల్లోంచి చూశాడు. పైడి లేచింది. లేవడమే కాదు, పళ్లు బిగించి మీదికి పోతోంది. మూడో రౌండంతా కర్నూలు పిల్లను తాళ్ల పక్కనుంచి కదలనివ్వలేదు. ఆఖరి గంట మోగేసరికి జోగారావు గొంతు పూర్తిగా పోయింది.

ఐదుగురు జడ్జీల తీర్పు వచ్చింది. మూడు–రెండు. పైడి గెలిచింది.

జేబులో ఫోను మోగింది. పరాంకుశం గారు. "జోగారావు గారూ, ఇక్కడ ఎవరు గెలిచారో ఎవరికీ అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం కొట్టించాను. అక్కడేమైంది?"

"మూడు–రెండు సార్" అన్నాడు జోగారావు, పోయిన గొంతుతో.

"అంటే? తాళ్లకు ఆనుకుని కూర్చున్న ఐదుగురికే ఎవరు ఎవరిని కొట్టారో ఏకాభిప్రాయం లేదా?" అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అయితే ఖరీదు సీట్ల మీద కూడా వెంటనే ఒక సంఘం వెయ్యాలి. మీరే కన్వీనరు..."

జోగారావు ఫోను పెట్టేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో జీఎం గారు మాట్లాడుతుండగా ఫోను పెట్టెయ్యడం కూడా అదే మొదలు.

బట్టలు మార్చుకునే గది బయట నడవలో పైడి బల్ల మీద కూర్చుని ఉంది. మెడలో పతకం, దవడ మీద ఐసు సంచి. పక్కన వరహాలు.

"ఇన్నాళ్లూ రాలేదు. బానే గెలిచింది" అంది వరహాలు. "ఇయాల ఒచ్చారు, పిల్ల దవడ పగిలింది."

జోగారావు తల వంచుకున్నాడు. "నా వల్లే తగిలిందమ్మా. నేను అరవకుండా ఉండాల్సింది."

"అరుపుకి కాదు నాన్నా" అంది పైడి. ఐసు సంచి పక్కన పెట్టింది. కళ్లు మెరుస్తున్నాయి. "చూసేసరికి బ్లాకంతా ఖాళీ, మధ్యలో నువ్వొక్కడివే. మా నాన్న నాకోసం వంద టికెట్లు కొనీశాడనుకున్నాను. ఆ షాక్‌కి చేతులు దించేశాను. నిజంగా వందా కొన్నావా?"

జోగారావు నోరు తెరిచాడు. వంద కాదు, ఒకటి కూడా కొనలేదని చెప్పాలి. పిల్ల ఆశగా చూస్తోంది. వరహాలు ఇంకోలా చూస్తోంది.

"అది... ఇంకా పరిశీలనలో ఉందమ్మా" అన్నాడు.

పైడి ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వితే దవడ నొప్పెట్టి "అబ్బా" అంది. నవ్వు ఆగక, పట్టీ విప్పని చేత్తో తండ్రి భుజం మీద ఒక్కటిచ్చింది. ముద్దుగానే ఇచ్చింది, కానీ రాష్ట్ర విజేత చెయ్యి అది. జోగారావు భుజం పట్టుకుని గోడకు జారబడ్డాడు.

"ఇంకోటియ్యే" అంది వరహాలు.